కదలని అంకె

ఏప్రిల్ 3

ఉడతకు,

చేరాను. బస్సు గంటా పది నిమిషాలు ఆలస్యం. మీ చిన్నమ్మమ్మ నన్ను చూసి అన్న మొదటి మాట, "వచ్చావా అక్కా, నీ పుస్తకం కూడా తెచ్చుకున్నావా?" అని. అంకెలు రాసుకునే పుస్తకం సంచిలోంచి తీసి చూపించాను. నవ్వింది. నవ్వితే దగ్గు తెర వచ్చింది. నాడి నిమిషానికి 94. జ్వరం 100.2. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు అన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టర్లు కిటికీలోంచి చూడటం నాకు నచ్చదు.

ఇంట్లో రెండు గదులు. ముందు గదిలో దాని మంచం, వెనక గదిలో నేను. పైన ఇంటావిడ ఉంటుంది. మంచిదే కానీ తలుపు కొట్టకుండా లోపలికి వచ్చేస్తుంది.

ఫోను చేయకు. ముప్పై ఒక్క ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసర్ల పక్కన కూర్చుని గంటగంటకూ పీడనం, చల్లదనం చూసి రాసిన మనిషిని. చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. వారానికో, పది రోజులకో ఒక ఉత్తరం రాయి. అందులో నీ ఇంజను అంకెలు ఉండాలి. నేను రోగి అంకెలు రాస్తాను. "అంతా బాగుంది" అని మాత్రం రాయకు. అది అంకె కాదు.

నన్ను అడక్కుండా అమ్మోనియా పనిలో చేరావు. ఆ మాట బస్టాండులో అనలేదు, ఇప్పుడు అంటున్నాను. ఏ వాసన నీ దరికి రాకుండా ఫ్యాక్టరీ నుంచి రాగానే చీర మార్చుకుని మరీ నిన్ను ఎత్తుకునేదాన్నో, ఆ వాసనలోకే నువ్వు నడుచుకుంటూ వెళ్ళావు. వెళ్ళావు కాబట్టి జాగ్రత్తగా ఉండు.

అమ్మమ్మ


ఏప్రిల్ 12

అమ్మమ్మకు,

ఉత్తరం అందింది. చిన్నమ్మమ్మకు నా ముద్దులు. నువ్వు పెట్టవని తెలుసు, చదివి వినిపించు చాలు.

అడక్కుండా చేరిన మాట నిజం. అడిగితే వద్దంటావని. ఇప్పుడు వివరంగా చెబుతాను, తిట్టకుండా విను.

రేవు దాటించే లాంచీ ఉంది కదా, సరిగ్గా అలాంటి ఇంజనునే మా షెడ్డులో బిగించారు. లోపలికి వెళ్ళే గాలిలో అమ్మోనియా కలుపుతాం. అమ్మోనియా ఒక్కటే అయితే మొండిది, అంటుకోదు. అందుకని కొంచెం డీజిలు చిమ్మితే అది అంటుకుని దీన్ని కూడా అంటిస్తుంది. ఇంజనుకు కావలసిన శక్తిలో నూటికి నలభై పాళ్ళు అమ్మోనియా, మిగతాది డీజిలు. అమ్మోనియాలో కార్బనే లేదు కాబట్టి ఆ మేరకు కార్బన్ డయాక్సైడు తగ్గుతుంది. నీకు నేను కెమిస్ట్రీ చెప్పడం ఏమిటో!

కాలకుండా మిగిలిన అమ్మోనియా బయటికి పోకుండా పొగగొట్టంలో ఒక పెట్టె పెట్టాం. అది మిగులును విరగ్గొట్టేస్తుంది. పెట్టె దాటి వచ్చే పొగలోంచి సన్నటి గొట్టం ఒకటి మీటరుకు వెళ్తుంది. ఆ మీటరు రోజుకు ఎనిమిదిసార్లు చూసి రాయడం నా పని. ఫిట్టరు బాబాయి ఇంజను చూసుకుంటాడు. పెద్దసారు మమ్మల్నిద్దరినీ చూసుకుంటాడు.

అంకెలు: కార్బన్ డయాక్సైడు నూటికి 36 తగ్గింది. పెట్టె దాటిన అమ్మోనియా పది లక్షల పాళ్ళలో 21, 17, 23, 19. పాతిక దాటకూడదు.

జూన్ ముప్పైన రిపోర్టు ఇవ్వాలి. అది గట్టెక్కితే జూలైలో ఈ ఇంధనం నిజం లాంచీలో పోస్తారు, నా ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఆ రోజుకు నువ్వు వచ్చేస్తావా? నీ మంచం మీద దుప్పటి కూడా మార్చలేదు.

ఉడత


ఏప్రిల్ 20

ఉడతకు,

దుప్పటి మార్చు. దుమ్ము పడుతుంది.

నీ వివరణ బాగానే ఉంది. ఒక సందేహం. అమ్మోనియా కాలినప్పుడు నైట్రస్ ఆక్సైడు పుడుతుంది. గాలిని వేడెక్కించడంలో ఒక పాలు అది, రెండు వందల అరవైకి పైగా పాళ్ళ కార్బన్ డయాక్సైడుతో సమానం. దాన్ని లెక్కలో పట్టారా, లేక తగ్గినదాన్ని ముందు పెట్టి పెరిగినదాన్ని వెనక దాచారా? జవాబు రాయి.

ఇంకొకటి. షెడ్డులో వాసన వస్తోందా? వస్తే మంచిది. రాకపోతే ఎందుకు రావట్లేదో ఆలోచించు. మూడు వారాలు అక్కడే ఉన్న ముక్కు సాక్ష్యం చెల్లదు.

మీ చిన్నమ్మమ్మ నాడి ఈ వారం 88, 91, 84, 96, 90. జ్వరం 99 నుంచి 101 మధ్య ఊగుతోంది. నిన్న లేచి కూర్చుని, "అక్కా, నేను ఊపిరి పీల్చినప్పుడల్లా నీ పెన్సిలు కదులుతోంది, నాకు సిగ్గేస్తోంది" అంది. మంచం కిటికీ వైపు తిప్పమంటే తిప్పాను. ఒక్కదాన్నే తిప్పాను. నడుము పట్టలేదు.

జూన్ ముప్పైకి రాలేను. రోగిని వదిలి ఎలా వస్తాను? ఆలోచించి అడగాలి.

అమ్మమ్మ


మే 4

అమ్మమ్మకు,

నైట్రస్ ఆక్సైడు లెక్కలో పట్టాం. దానికి వేరే మీటరు. ఇంజను బరువు మీద నిలకడగా నడిచేటప్పుడు అది తక్కువే. నెమ్మదిగా నడిస్తే పెరిగి, తగ్గించిన కార్బన్‌లో సగాన్ని తినేస్తోంది. రెండూ పక్కపక్కనే రాశాను. దాచలేదు.

వాసన ఏమీ లేదు. పొగగొట్టం షెడ్డు కప్పు దాటి పైకి వెళ్తుంది. ఫిట్టరు బాబాయిని అడిగితే, "నాకా? పదేళ్ళ కిందటే ముక్కు డీజిలుకి రాసిచ్చేశానమ్మా" అన్నాడు.

అంకెలు: కార్బన్ 37 తగ్గింది. అమ్మోనియా 18. వారమంతా 18. పెద్దసారు మీటరు ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

ఆదివారాలు షెడ్డు మూసేస్తారు. ఇంట్లో ఏం చేయాలో తోచక రేవుకి వెళ్ళి లాంచీ ఎక్కుతున్నాను. అవతలి ఒడ్డున దిగను. అందరూ దిగిపోయాక కూర్చుని ఉంటే మొదటివారం లాంచీ నడిపే సరంగు వచ్చి, "ఏమైనా పోగొట్టుకున్నారా అమ్మాయిగారూ?" అన్నాడు. "లేదు, మళ్ళీ అటే వెళ్ళాలి" అన్నాను. "అటు నుంచే కదా వచ్చారు!" అన్నాడు. ఇప్పుడు అడగడం మానేశాడు. ఇంజను పక్కన చోటు చూపిస్తాడు. ఆయనకు పొగ దగ్గు. నేను ఏం పని చేస్తానో తెలిసిన దగ్గర్నుంచి, "ఎప్పుడు పోస్తారమ్మా ఆ పొగలేని నూనె?" అని వారం వారం అడుగుతున్నాడు. జూలైలో అన్నాను.

నువ్వు రాలేనంటే రాలేవు. ఆలోచించే అడిగాను.

ఉడత


మే 15

ఉడతకు,

ఆదివారం పూట ఊరికే ఏటి మీద తిరగడానికి నీకు వేరే పని లేదా? కిటికీలు తుడువు. నేను ఉండగా నెలకు రెండుసార్లు తుడిచేదాన్ని. చదువుకోవడానికి పుస్తకాలు ఉన్నాయి. సరంగుతో కబుర్లు చెప్పడం తప్పు కాదు. కానీ జూలై అని మాట ఇవ్వడం తప్పు. రిపోర్టు రాకుండా తేదీ ఎలా చెబుతావు?

రోగి నాడి 79, 91, 86, 77, 83. జ్వరం తగ్గుముఖం. నిన్న నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. సరంగు మాటకు నవ్వింది. "పిల్ల ఒంటరిగా ఉందే అక్కా" అంది. "ఉద్యోగం చేసుకుంటోంది" అన్నాను. "నేను అన్నది వేరు, నువ్వు చెప్పింది వేరు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. చిన్నప్పుడు కూడా అంతే. నాతో వాదించలేక గోడతో మాట్లాడేది.

ఇంటావిడ మళ్ళీ తలుపు కొట్టకుండా వచ్చింది. ఈసారి చెప్పేశాను.

అమ్మమ్మ


మే 28

అమ్మమ్మకు,

కిటికీలు తుడిచాను. రెండు.

కార్బన్ 36, 37, 36. అమ్మోనియా 18. ఈ మూడు వారాలూ 18. నిర్ణయం తీసుకునే కమిటీ వాళ్ళు ముందుగా చూసిపోవడానికి వచ్చారు. "ఇంత నిలకడగా ఉన్న ఫలితం ఎక్కడా చూడలేదు" అన్నారు. పెద్దసారు నా భుజం తట్టి, "ఈ అమ్మాయి చేతి మహిమ" అన్నాడు. ఇంటికి వచ్చాక ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. వంటింటి వైపు చూశాను. అంతే.

చివరిసారి అడుగుతున్నాను. జూన్ ముప్పైన ఒక్కరోజు రాగలవా? ఇంటావిడను చిన్నమ్మమ్మ దగ్గర కూర్చోమంటే కూర్చోదా? నువ్వు వెనక వరుసలో కూర్చుని తప్పులు పడితే చాలు.

ఉడత


జూన్ 6

ఉడతకు,

నీ ఉత్తరాలు వరసగా పెట్టుకుని అంకెలు నా పుస్తకంలోకి ఎక్కించాను. ఏప్రిల్లో 21, 17, 23, 19. మే మొదటి నుంచి 18. నెలంతా 18. ఎండలు ముదిరాయి, ఇంజను ఎన్నిసార్లో ఆపి మళ్ళీ నడిపి ఉంటారు, పెట్టె రెండు నెలలు పాతబడింది. అంకె మాత్రం కదల్లేదు.

ఐసు ఫ్యాక్టరీలో మాకు ఒక గుమాస్తా ఉండేవాడు. చక్కటి దస్తూరి. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, సాయంత్రం నాలుగు దాకా రావలసిన అంకెలన్నీ ఒక్కసారే రాసేసి పడుకునేవాడు. అతని కాగితం చూడముచ్చటగా ఉండేది. నేను దాన్ని చూసే పట్టుకున్నాను. నడిచే యంత్రం అంకె వణుకుతుంది ఉడతా. బతికున్న మనిషి నాడీ అంతే. వణకని అంకె ఉందంటే ఎవరూ చూడలేదని అర్థం.

రోజుకు ఎనిమిదిసార్లు నువ్వు మీటరు దగ్గరికి వెళ్తున్నావా, కుర్చీలోంచే రాస్తున్నావా? కమిటీ వాళ్ళ పొగడ్త, పర్మనెంటు ఆశ, ఇవన్నీ మనిషిని కుర్చీకి అతికించేస్తాయి. నా పెంపకంలో పెరిగినదానివి, ఈ ప్రశ్న నీకు వేయవలసి వస్తుందనుకోలేదు.

రోగి నాడి 81, 76, 74, 72. జ్వరం లేదు, 98.4. ఆయాసం మాత్రం ఎక్కువగా ఉంది. నీళ్ళు చెంచాతో పడుతున్నాను. జూన్ ముప్పైకి రావడం కుదరదు.

అమ్మమ్మ


జూన్ 12

అమ్మమ్మకు,

రోజుకు ఎనిమిదిసార్లు మీటరు దగ్గరికి వెళ్తున్నాను. ఎనిమిదిసార్లూ అక్కడ 18 ఉంటోంది. ఉన్నది రాస్తున్నాను.

నన్ను దొంగ అనుకోవడానికి నీకు మూడు ఉత్తరాలు చాలాయి. ఇరవై నాలుగేళ్ళు పక్కన పెట్టుకుని పెంచావు. అవి నీ పుస్తకంలో ఎక్కడా ఎక్కినట్టు లేవు.

ఇక రాకు అని అడగను, రా అని కూడా అడగను. చిన్నమ్మమ్మ దగ్గరే ఉండు. ఆవిడకి బాగుంటే చాలు.

ఉడత


జూన్ 18

ఉడతకు,

నీ ఉత్తరం అందింది. అందులో ఉన్నది నాలుగుసార్లు చదివాను.

రోగి వివరాలు. జూన్ 9 నుంచి నేటి వరకు నాడి 72. జ్వరం 98.4. నిద్ర ఎక్కువ. ఇబ్బంది ఏమీ లేదు.

నువ్వు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నావంటే నమ్ముతున్నాను. అయితే తప్పు నీ చేతిలో కాకుండా మీటరుకు వెళ్ళే దారిలో ఉండాలి. ఒక పని చెయ్యి. ఫ్యాక్టరీలో అమ్మోనియా ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి మేము గంధకం పూసిన వత్తి వెలిగించి గొట్టాల కీళ్ళ దగ్గర పట్టుకునేవాళ్ళం. అమ్మోనియా ఉన్నచోట ఆ వత్తి పొగ తెల్లగా, దట్టంగా లేస్తుంది. లేనిచోట లేవదు. మీటరు మాట పక్కన పెట్టి, పొగగొట్టంలోంచి నేరుగా కొంచెం వాయువు పట్టి వత్తి చూపించు. మీటరు దగ్గరికి వచ్చే సన్నగొట్టం చివర కూడా చూపించు. రెండుచోట్లా ఒకేలా ఉండాలి. ముక్కుకు గుడ్డ కట్టుకో. గుడ్డ చాలదు, మీ దగ్గర ఉన్న ముసుగు పెట్టుకో. ఫిట్టరును పక్కన ఉండమను.

ఇక్కడ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇంటావిడ ఇప్పుడు తలుపు కొట్టి వస్తోంది.

అమ్మమ్మ


జూన్ 23

అమ్మమ్మకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొగగొట్టంలోంచి నేరుగా పట్టిన వాయువు దగ్గర వత్తి పెట్టగానే తెల్లటి పొగ ముద్దలు ముద్దలుగా లేచింది. ఫిట్టరు బాబాయి, "అమ్మో, ఇదేంటే తల్లీ, మేఘం దిగిందా!" అని రెండడుగులు వెనక్కి వేశాడు. మీటరు దగ్గర గొట్టం చివర పెడితే ఏమీ లేదు. వత్తి మామూలుగా కాలింది.

సన్నగొట్టం మొత్తం విప్పాం. పొగ చల్లబడకుండా గొట్టం పొడవునా వేడి తీగ చుట్టి ఉంటుంది. మూడో కీలు దగ్గర తీగ తెగిపోయింది, పైన కట్టిన గుడ్డ చాటున కనబడలేదు. అక్కడ గొట్టం చల్లబడి, నీరు పట్టి, అమ్మోనియా అంతా అందులోనే ఇంకి తెల్లటి ఉప్పులా గట్టిపడింది. మీటరుకు చేరుతున్నది ఆ ఉప్పు దాటి వచ్చే ఊపిరి మాత్రమే. అదే 18. ఏప్రిల్ చివర తెగి ఉండాలి.

కొత్త తీగ చుట్టి చూస్తే 410, 385, 440, 402. నువ్వు చెప్పినట్టే అంకె వణుకుతోంది. పెట్టె ఎప్పుడు పాడైందో కూడా మాకు తెలియదు. ఇదే లాంచీలో పోసి ఉంటే ఇంజను పక్కన కూర్చున్న సరంగు ఏమయ్యేవాడో!

పెద్దసారు తలుపు వేసి చెప్పాడు. "అమ్మాయ్, కార్బన్ తగ్గిందా లేదా? తగ్గింది. అదే కదా మనం చెప్పాలనుకున్నది. పెట్టె జూలైలో కొత్తది వేద్దాం. ఎనిమిది వారాల గళ్ళు చెరిపేస్తే మిగిలేది ఏముంది? నువ్వూ ఉండవు, నేనూ ఉండను." ముప్పై వరకు ఆలోచించుకోమన్నాడు.

ఈ విషయం నీకు రాద్దామని కూర్చుని నీ ఉత్తరాలు తీశాను. వరసగా పెట్టాను. ఏప్రిల్లో 88, 91, 84, 96. మేలో 79, 91, 86. జూన్ మొదట్లో 81, 76, 74, 72. తొమ్మిదో తేదీ నుంచి పది రోజులూ 72. పది రోజులూ 98.4.

అమ్మమ్మా, చిన్నమ్మమ్మ ఎప్పుడు పోయింది?

ఉడత


జూన్ 26

ఉడతకు,

జూన్ తొమ్మిది, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు.

పొద్దున్న బాగానే మాట్లాడింది. పన్నెండింటికి ఊపిరి మారింది. డాక్టరు వచ్చి వెళ్ళాడు, ఈసారి కిటికీలోంచి చూడలేదు, నా వైపే చూశాడు. రెండు గంటలకు చేయి పట్టుకుని కూర్చున్నాను. రెండూ ఇరవైకి నాడి అందలేదు. చోటు మార్చి చూశాను. మెడ దగ్గర చూశాను. గడియారం చూసి, పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకున్నాను. ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలియలేదు. సున్నా రాయాలి. చేయి కదల్లేదు. ముందురోజు అంకె కనబడుతోంది, అదే కిందికి దించాను. మర్నాడు అదే వేళకు ఖాళీ మంచం పక్కన కూర్చున్నాను. మళ్ళీ అదే రాశాను.

నీ రిపోర్టు చెడకూడదని దాచానని నాకు నేను చెప్పుకున్నాను. నిన్ను పిలిస్తే ఒకటిన్నర రోజు ప్రయాణం, ఎలాగూ చూడలేవు, పరీక్షలు ఆగిపోతాయి అని లెక్క వేశాను. లెక్క సరిగ్గానే వచ్చింది. వేయవలసిన లెక్క కాదు. అది నిన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. దాని మీద ఏడ్చే హక్కు నీకు ఉంది, దాన్ని నేను తీసి పక్కన పెట్టాను. ఇంటావిడ నీకు ఫోను చేస్తానంటే వద్దని కసిరాను. ఆవిడ అప్పటి నుంచి తలుపు కొట్టి వస్తోంది.

నువ్వు చూడకుండా రాశావని జూన్ ఆరున నేను ఉత్తరం రాశాను. మూడు రోజులకు నేను చూసి కూడా తప్పు రాశాను. నీ తప్పు గొట్టంలో ఉంది. నా తప్పు నాలో ఉంది. నీకు రాసిన ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించమని ఎవరినీ అడిగిన అలవాటు లేదు, ఎలా అడగాలో తెలియక ఇలా రాస్తున్నాను.

ఇన్ని రోజులు ఏం చేశానంటే చెప్పుకోదగ్గది లేదు. దాని చీరలు మడతపెట్టాను, విప్పి మళ్ళీ పెట్టాను. భోజనం రెండు పూటలా అని నీకు రాద్దామనుకున్నాను. ఒక పూటే. మొన్న మధ్యాహ్నం ఏడుపు వచ్చింది. ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు.

నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి, ఇంటావిడను ఇంకో పది రోజులు గడువు అడిగాను. ఇచ్చింది.

రిపోర్టు గురించి నేను చెప్పను. ఒక నెల కిందట అయితే పేజీలకు పేజీలు చెప్పి ఉండేదాన్ని. నీకు తోచింది చెయ్యి. నువ్వు ఏం చేసినా ఆ ఇంట్లో నీతో ఉంటాను, నువ్వు రానిస్తే.

అమ్మమ్మ


జూలై 2

అమ్మమ్మకు,

నీ ఉత్తరం ఇరవై తొమ్మిదిన అందింది. ఆ రోజు షెడ్డుకు వెళ్ళలేదు. ముప్పైన వెళ్ళాను.

రిపోర్టులో ఎనిమిది వారాల అమ్మోనియా గళ్ళు ఖాళీగా వదిలేశాను. పక్కన ఒక పేజీ రాశాను. తీగ ఎక్కడ తెగింది, ఉప్పు ఎలా పట్టింది, తర్వాత వచ్చిన అంకెలు ఏమిటి, పెట్టె ఎన్నాళ్ళు పనిచేసిందో మాకు తెలియదు అని. కార్బన్ తగ్గిన మాట కూడా రాశాను, అదీ నిజమే కాబట్టి. పెద్దసారు కాగితం చదివి, "సంతకం నువ్వే పెట్టు, నేను పెట్టను" అన్నాడు. పెట్టాను. కమిటీ వాళ్ళలో ఒకాయన, "ఖాళీ గళ్ళతో రిపోర్టు తెచ్చారేమిటి?" అని నవ్వాడు. ఇంకొకాయన నవ్వలేదు. చివరి పేజీ రెండుసార్లు తిరగేశాడు.

లాంచీకి ఇప్పుడే వద్దన్నారు. పర్మనెంటు కాగితం రాలేదు. పెట్టె మార్చి మొదటి నుంచీ పరీక్షలు చేయడానికి ఆరు నెలలు ఇచ్చారు, నాకు కూడా ఆరు నెలలే. ఫిట్టరు బాబాయి వెళ్ళి గొట్టం మీద గుడ్డ మొత్తం ఊడదీసి పారేశాడు.

ఈ రోజు ఆదివారం. రేవుకి వెళ్ళి సరంగుకి చెప్పాను. "అంటే ఇంకా ఈ పొగేనా? ఒక్క అంకె దిద్దితే పోయేదిగా అమ్మా" అన్నాడు. దిద్దితే ఏమవుతుందో చెప్పాను. విని కాసేపు దగ్గాడు. "సరే, ఈ పొగైతే కనబడుతుంది, తప్పుకోవచ్చు" అన్నాడు. ముఖం మాత్రం చిన్నబోయింది. జూలై అని నేను అనకుండా ఉండవలసింది. ఆ మాట నువ్వు అన్నప్పుడు నీ మీద విసుక్కున్నాను.

ఇవాళ మొదటిసారి అవతలి ఒడ్డున దిగాను. ఎవరూ తెలియని చోట కూర్చుని ఏడవాలనిపించింది. చిన్నమ్మమ్మ నా ఉత్తరాలు రెండుసార్లు చదివించుకునేదన్నావు. తొమ్మిదో తేదీ తర్వాత నేను రాసింది ఎవరు విన్నారు? "ఆవిడకి బాగుంటే చాలు" అని పన్నెండున రాశాను. అప్పటికి ఆవిడ పోయి మూడు రోజులు. ఆ వాక్యం నువ్వు ఒక్కదానివే కూర్చుని ఎలా చదివావో, దాన్ని తలుచుకున్నప్పుడు మాత్రమే నీ మీద కోపం కొంచెం పక్కకు జరుగుతోంది. మళ్ళీ వస్తోంది. తగ్గిందని రాస్తే నీకు సుఖంగా ఉంటుంది. తగ్గలేదు.

గురువారం బయల్దేరి శుక్రవారం సాయంత్రానికి చేరతాను. ఐదు రోజులు సెలవు. నన్ను చూడగానే రిపోర్టు సంగతి అడగకు. చివరిరోజు పొద్దున్న చిన్నమ్మమ్మ బాగానే మాట్లాడిందని రాశావు, ఏం మాట్లాడిందో రాయలేదు. అది చెప్పు. అంకెలు వద్దు.

అప్పటిదాకా ఆ మంచం నువ్వొక్కదానివే విప్పకు.

ఉడత